చెత్తడబ్బాల కింది నేల

ఈమధ్య ఇద్దరమ్మాయిలు నాకు ఫోన్ చేశారు. ఒకమ్మాయిది బాతెల్, ఇంకొకమ్మాయిది అల్ఫారెట్టా. ఇద్దరూ ఇక్కడే, అమెరికాలోనే పుట్టి పెరిగినవాళ్ళు. ఇద్దరికీ ఆర్కియాలజీ చదవాలని ఉంది. ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచి ఇద్దరి ఇళ్ళలోనూ పెద్దవాళ్ళకి ముద్ద దిగడం లేదు.

"ఆంటీ, మీరు లైఫ్ అంతా చేశారు కదా, జాబ్ ఎలా ఉంటుంది?" అని అడిగింది బాతెల్ అమ్మాయి.

"ఎండలో ఉంటుంది" అన్నాను.

ఆ పిల్ల నవ్వింది. నేను నవ్వించడానికి చెప్పలేదు.

వాళ్ళిద్దరి కోసమే ఇది రాస్తున్నాను. వాళ్ళకి తెలుగు చదవడం రాదు. అమ్మలు చదివి వినిపించాలి. ఆ వంకన అమ్మలకి కూడా చెప్పినట్టవుతుంది.

ముందుగా భ్రమలు వదిలిస్తాను. నేను రాజుల సమాధులు తవ్వలేదు. బంగారం అన్నది నా చేతి గాజుల్లో తప్ప పనిలో ఎక్కడా చూడలేదు. న్యూజెర్సీలో ఒక చిన్న ప్రైవేటు కంపెనీలో పనిచేశాను. పాత ఊళ్ళలో ఎవరైనా పెద్ద భవనం కట్టాలంటే, చాలాచోట్ల ముందు మాలాంటివాళ్ళని పిలిచి, ఆ నేలలో పాతకాలపువి ఏమైనా ఉన్నాయో లేవో రాయించుకోవాలి. మేం పాత మ్యాపులు చదువుతాం, అక్కడక్కడ తవ్వి చూస్తాం, రిపోర్టు ఇస్తాం. దొరికేవి విరిగిన సీసాలు, తుప్పుపట్టిన మేకులు, ఎవరో వందేళ్ళ క్రితం తిని పారేసిన ఆవు ఎముకలు. నా ఉద్యోగంలో సగం పార్కింగ్ లాట్లలోనే గడిచింది.

2015లో రిటైరయ్యాను. ప్రమోషన్లూ, వీడ్కోలు పార్టీలో కేకు సంగతీ వదిలేస్తాను. ఒక్క పని గురించి చెబుతాను. అందులో నేను చేసిన తప్పుంది. దాన్ని పట్టుకున్నది మా అత్తగారు.

బేస్‌మెంట్ తలుపు

మా అత్తగారి పేరు కామేశ్వరమ్మ. తెనాలి పక్కన ఊరు. రెండేళ్ళకోసారి ఎడిసన్‌లో మా ఇంటికి వచ్చి ఆరునెలలు ఉండేది. మనిషి బక్కపలచన, గొంతు మాత్రం వీధి చివరికి వినబడుతుంది. నా ఉద్యోగం మట్టి పరీక్ష చేయడమని ఆవిడ అనుకునేది. నేనూ సరిదిద్దలేదు. గుడిలో కొత్తవాళ్ళు కలిస్తే "మా కోడలు భ్రమరాంబ సాయిల్ ఇంజనీరు" అని పరిచయం చేసేది. సాయిల్ అనే మాట ఎక్కడ నేర్చుకుందో ఇప్పటికీ తెలియదు.

2006 వేసవిలో మా కంపెనీకి ఒక పాత చర్చి సమాధుల స్థలం పని వచ్చింది. మా ఆయన మోహన్ భోజనాల దగ్గర ఆ మాట నోరుజారాడు. ఆవిడ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది.

"శ్మశానంలోనా నీ ఉద్యోగం?"

"శ్మశానం కాదత్తయ్యా, ఇప్పుడది పార్కింగ్ లాట్."

"పైన కార్లు పెడితే కింద ఉన్నది మారుతుందిటే?"

నిజానికి మా వృత్తి మొత్తం ఆ ఒక్క ప్రశ్న మీదే నడుస్తుంది. ఆవిడ మర్నాటి నుంచే నియమాలు పెట్టింది. పని నుంచి వస్తే వీధి తలుపులోంచి రాకూడదు. పక్క సందులోంచి బేస్‌మెంట్ తలుపు తీసుకుని కిందికి దిగాలి. అక్కడే తలస్నానం చేయాలి. బట్టలు అక్కడే బకెట్లో తడపాలి. అప్పుడుగానీ మెట్లెక్కి పైకి రాకూడదు. మా బేస్‌మెంట్ షవర్‌లో వేణ్ణీళ్ళు నిమిషంన్నర వస్తాయి, ఆ తర్వాత దాని ఇష్టం. నేను కింద వణుకుతుంటే, పైన మెట్ల దగ్గర నిలబడి "జుట్టు తడిపావా?" అని కేకేసేది. చేతిలో కాఫీ గ్లాసు మాత్రం సిద్ధంగా ఉండేది. అది కూడా చెప్పకపోతే పాపం.

హ్యారీ దగ్గర చదువు

మా బాస్ పేరు హ్యారీ. అప్పటికి అరవై దాటాయి. కొత్తగా చేరినవాళ్ళకి మొదటి వారం తవ్వడానికి ఏమీ ఇచ్చేవాడు కాదు. ఖాళీ స్థలంలో కుర్చీ వేసి కూర్చోబెట్టి, కనబడిందల్లా బొమ్మ గీయమనేవాడు. నేను గీశాను. "ఆ మూల చెట్టు పొట్టిగా ఉంది, పక్కవి ఏపుగా ఉన్నాయి. ఎందుకు?" అని అడిగాడు. తెలియదన్నాను. "దాని కింద రాతి గోడో, పూడ్చిన బావో ఉండొచ్చు. తెలియకపోవడం తప్పు కాదు, చూడకపోవడం తప్పు" అన్నాడు.

మంచి బాస్ ఎవరో చెప్పమంటే నేను చెప్పేది ఇంతే: క్లయింటు ముందు మిమ్మల్ని వెనకేసుకొచ్చి, కారెక్కాక చీవాట్లు పెట్టేవాడు మంచి బాస్. దీన్ని తలకిందులుగా చేసేవాళ్ళ దగ్గర కూడా పనిచేశాను. వాళ్ళ గురించి రాస్తే కాగితం దండగ.

ఈ చర్చి పని మొదలయ్యే వేళకి హ్యారీ మోకాలికి ఆపరేషన్ అయింది. "నువ్వు నడిపించు బ్రామ్" అన్నాడు. నా పేరు ఆయన నోట్లో అంతకన్నా పొడుగు ఎప్పుడూ సాగలేదు. మొదటిసారి ఒక పని పూర్తిగా నా చేతికొచ్చింది. పొంగిపోయాను.

ఖాళీ అని రాసిచ్చాను

న్యూజెర్సీలోనే, నది ఒడ్డున ఉన్న ఒక పాత ఊరు. అక్కడొక చర్చి, దాని వెనక సమాధులు ఉండేవి. వందేళ్ళ క్రితం ఆ సంఘంవాళ్ళు ఊరి బయట కొత్త చర్చి కట్టుకున్నారు. పోతూపోతూ తమ చనిపోయినవాళ్ళని కూడా తవ్వి తీసుకుపోయి, కొత్త చోట పెట్టుకున్నామని రాసుకున్నారు. పాత స్థలంలో చెప్పుల దుకాణం వచ్చింది, అదీ పోయి పార్కింగ్ లాట్ వచ్చింది. ఇప్పుడు అక్కడ ఆరంతస్తుల అపార్ట్‌మెంట్లు కడతారు, కింద కార్ల కోసం లోతుగా తవ్వుతారు. నిజంగా అందర్నీ తీసుకుపోయారా లేదా అన్నది మేం తేల్చాలి.

తేల్చడం ఎలాగో చెబుతాను. గుంత తవ్వితే పైమట్టీ కిందిమట్టీ కలిసిపోతాయి. మళ్ళీ పూడ్చినా ఆ కలగలుపు పోదు. వందేళ్ళ తర్వాత తారు ఒలిచి, పై పొర మెల్లగా గీకితే, పాత చీరకి వేసిన మాసికలాగా ఆ గుంత ఆకారం రంగు తేడాతో కనబడుతుంది. స్థలానికి అడ్డంగా మూడు కందకాలు తవ్వించాను. మాసికలు వరసగా బయటపడ్డాయి, ఒక్కొక్కటి ఆరడుగుల పొడుగు. కొన్నిటిని తెరిచి చూశాం. పెట్టె మేకులు, ఒక గుండీ, ఒకచోట వేలి ఎముక. మనుషులు లేరు. నిజంగానే తీసుకుపోయారు.

నాలుగో కందకం ఉత్తరం వైపు, పక్కింటి ఇటుకగోడ వెంబడి తవ్వాలి. అక్కడ పక్కనున్న రెస్టారెంట్‌వాళ్ళ చెత్తడబ్బాలు వరసగా ఉన్నాయి. మనిషెత్తు ఇనప డబ్బాలు. జరపమని అడిగితే మంగళవారం జరుపుతామన్నారు. మంగళవారం వచ్చింది, డబ్బాలు కదల్లేదు. రెండోసారి అడగడానికి బద్ధకించాను. పైగా పాత గోడ, దగ్గరగా తవ్వితే కూలుతుందేమోనన్న సాకు కూడా చేతికి దొరికింది. మూడు కందకాల్లో ఖాళీగా ఉన్నప్పుడు నాలుగో దాంట్లో మాత్రం ఏముంటుందిలే అనుకున్నాను. అమ్మాయిలూ, ఈ 'లే' నోట్లోకి వచ్చినప్పుడల్లా నాలిక కరుచుకోండి.

కట్టే కంపెనీ తరఫున సైటు చూసుకునేది సుధాకర్ అని వరంగల్ అబ్బాయి. సివిల్ ఇంజనీరు. రోజూ వచ్చేవాడు, ఒక్కరోజూ కంచె దాటి లోపలికి రాలేదు. ఫుట్‌పాత్ మీద నిలబడి అరిచేవాడు.

"మేడమ్, ఏమన్న దొరికినయా?"

"లోపలికొచ్చి చూడు బాబూ."

"వద్దు మేడమ్, నాకు ఈడికెల్లి మంచిగనే కనిపిస్తున్నది."

జులైలో రిపోర్టు రాసి సంతకం పెట్టి పంపేశాను. సమాధులన్నీ ఖాళీ, తవ్వుకోవచ్చు. సుధాకర్ ఫోన్ చేసి "పానం నిమ్మళమైంది మేడమ్, వచ్చే మండే మెషిన్లు దిగుతున్నయ్" అన్నాడు. ఇంట్లో కూడా ఆ కబురు చెప్పాను.

"అయితే అక్కడ ఎవరూ లేరన్నమాట" అంది మా అత్తగారు.

"లేరత్తయ్యా. నేనే రాసిచ్చాను."

"ఎవరూ లేకపోతే ఒకసారి చూడొచ్చుగా. రెండు నెలలు చన్నీళ్ళు పోయించాను నీకు. ఎందుకో ఏమిటో నేనూ చూడాలి."

అత్తగారి తనిఖీ

మెషిన్లు వచ్చేముందు శనివారం పొద్దున, ఓక్ ట్రీ రోడ్‌లో కూరగాయలు కొనుక్కుని, ఆవిడని అక్కడికి డ్రైవ్ చేసి తీసుకెళ్ళాను. కందకాలు ఇంకా పూడ్చలేదు. చీర కుచ్చిళ్ళు కాస్త పైకి పట్టుకుని, తనిఖీకి వచ్చిన కలెక్టరులాగా చుట్టూ తిరిగింది. నేను నా విద్యంతా ప్రదర్శించాను. మాసికలు చూపించాను. తల పడమరకి, కాళ్ళు తూర్పుకి పెడతారని చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విన్నది.

"ఇది ఎంత పొడుగు?"

"ఆరడుగులు."

"అదో?"

"అదీ అంతే. అటూఇటూగా అన్నీ అంతే."

ఆవిడ మూడు కందకాలూ మళ్ళీ ఒకసారి చూసి వచ్చింది. అప్పుడు మామూలుగా, కూర రేటు అడిగినట్టు అడిగింది.

"అయితే ఈ ఊళ్ళో పసిపిల్లలెవరూ పోలేదా?"

మన వైపు పెద్దవాళ్ళని కాల్చినా పసిపిల్లల్ని మాత్రం పాతిపెడతారని, అదీ వేరే చోట, ఏ గట్టు పక్కనో పెడతారని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఇరవయ్యేళ్ళు సమాధుల గురించి చదివినదాన్ని. నాకు తట్టలేదు. నా కళ్ళు తిన్నగా ఉత్తరం గోడ వైపు పోయాయి. చెత్తడబ్బాలు అక్కడే ఉన్నాయి. ఒకదాని మీద సీగల్ పక్షి కూర్చుని నన్నే చూస్తోంది.

ఇంటికొచ్చి, చర్చి పాత రిజిస్టరు నకలు భోజనాల బల్ల మీద పరిచాను. అంతకుముందే దాన్ని చదివాను. పేర్లు చూశాను, వయసులు చూడలేదు. అత్తగారు పక్కన కూర్చుని వయసులు పైకి చదవమంది. చదివాను. మూడు వారాలు. పదకొండు నెలలు. రెండేళ్ళు. ఒక రోజు. పేజీకి సగంమంది పిల్లలే. తర్వాత, కొత్త చోటికి తరలించినవాళ్ళ జాబితా పక్కన పెట్టి చూశాను. పేరు చెక్కిన రాయి ఉన్న ప్రతి సమాధీ అందులో ఉంది. పిల్లల్లో ఒక్కరూ లేరు. పిల్లలకి రాళ్ళు పెట్టలేదు. తీసుకుపోవడానికి వచ్చినవాళ్ళు రాళ్ళని లెక్కపెట్టుకుని పోయారు.

అత్తగారు జాబితాని పక్కకి జరిపింది.

"మోహన్ కన్నా ముందు నాకొకడు పుట్టాడు" అంది. "పంతొమ్మిది రోజులున్నాడు. మగవాళ్ళు గుడ్డలో చుట్టి కాలవగట్టుకి తీసుకుపోయారు. నన్ను రానివ్వలేదు. ఏ చెట్టు దగ్గరో కూడా చెప్పలేదు. అడగకూడదన్నారు. తర్వాత గట్టు తవ్వి రోడ్డేశారు."

మోహన్‌కి ఆ సంగతి తెలియదు. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ విదిలించుకుని, "నా చెయ్యి తర్వాత పట్టుకుందువుగాని, ముందు ఆ మెషిన్లు ఆపు" అంది.

రెండు ఫోన్లు

మొదటిది హ్యారీకి. చెత్తడబ్బాల సంగతితో సహా దాచకుండా చెప్పాను.

"ఇది కనిపెట్టింది ఎవరన్నావ్?"

"మా అత్తగారు."

"ఆవిడకి ఉద్యోగం కావాలేమో అడుగు. సోమవారం పొద్దున వస్తాను. రిపోర్టు వెనక్కి తీసుకుంటున్నట్టు ఇవాళే రాసి పంపు. నీ తప్పని రాయి, ఎందుకు తప్పో కూడా రాయి."

రాశాను. నా సర్వీసులో నేను రాసిన కాగితాలన్నిటిలోకీ చిన్నది అదే, ఎక్కువసేపు పట్టింది కూడా అదే.

రెండోది సుధాకర్‌కి.

"మేడమ్, మీరే కదా క్లియర్ అని రాసిచ్చిండ్రు! ఇప్పుడు కాదంటే ఎట్ల? మా బాస్‌కు నేనేం చెప్పాలె?"

"నేను తప్పు చేశానని చెప్పు. నా పేరే చెప్పు."

"షెడ్యూల్ మొత్తం ఖరాబైతది మేడమ్. నేను హెచ్-వన్ వీసా మీదున్న. జాబ్ పోతే ఏం చేయాలె?"

అతని భయం నాకు అర్థమైంది. ఆ గోడ పక్కనే మొదటి మెషిన్ దిగుతుంది. సోమవారం మధ్యాహ్నానికి అక్కడ ఎవరున్నారో, లేరో ఎవరూ చెప్పలేని స్థితి వస్తుంది. అతను గట్టిగా పట్టుబడితే నా కాగితం వాళ్ళ ఆఫీస్‌లో ఎవరైనా చదివే లోపే పని మొదలైపోతుంది. ఆ గోడ పక్కన పసిపిల్లలు ఉండిపోయారని మాత్రం చెప్పాను.

"ఎంత చిన్నోళ్ళు మేడమ్?" అన్నాడు.

రిజిస్టరు నా ఎదురుగానే ఉంది. ఒక పేజీ చదివాను. వెనక అతని ఇంట్లో చంటిపిల్ల ఏడుపు వినబడుతోంది.

"ఆగుండ్రి మేడమ్, ఇగ చదవకుండ్రి" అన్నాడు. "ఆ డబ్బాలు రేపు నేను జరిపిస్త. మా బాస్‌తోని నేను మాట్లాడుకుంట."

మూరెడు పొడుగు

ఆదివారం సెలవు, జరిపించడానికి మనుషులెవరూ దొరకలేదు. రెస్టారెంట్ యజమానిని నిద్రలేపి మరీ తీసుకొచ్చాడు సుధాకర్. మా అత్తగారు ఫుట్‌పాత్ మీద మడత కుర్చీలో గొడుగు వేసుకుని కూర్చుంది. యజమానీ, మోహనూ, నేనూ మొదటి డబ్బాని తోశాం. కదల్లేదు. దానికి ఒక చక్రం లేదు. వేసవి ఎండలో వారం నాటి సముద్రపు చేపల వాసన గురించి నేనేమీ రాయను.

"ఏమయ్యా, అక్కడ నిలబడితే అది నీ దగ్గరికి నడిచొస్తుందా?" అని కేకేసింది అత్తగారు.

"నాకు భయం అమ్మా" అన్నాడు సుధాకర్, ఉన్నదున్నట్టు.

"దేనికి? పసివాళ్ళు నిన్నేం చేస్తారు? ఎత్తుకోమంటారేమో. అంతేగా."

అతను చెప్పులు విప్పేశాడు. గుళ్ళోకి వెళ్ళినట్టు కంచె దాటి లోపలికొచ్చాడు. డబ్బాకి భుజం ఆనించి తోశాడు.

సోమవారం ఏడింటికి హ్యారీ చేతికర్రతో దిగాడు. సుధాకర్ వాళ్ళ కంపెనీ మెషిన్‌తోనే గోడ వెంబడి తారు ఒలిపించి, అంగుళం అంగుళం గీకించాం. పదింటికి మొదటి మాసిక కనబడింది. మూరెడు పొడుగు. దాని పక్కన ఇంకోటి, దాని పక్కన ఇంకోటి. గోడ పొడుగునా ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది, సిగ్గూ వచ్చింది. హ్యారీ నా పక్కనే నిలబడి ఏమీ అనలేదు. తిరిగి వెళ్ళేటప్పుడు కారులో మాత్రం అనవలసినవన్నీ అన్నాడు. మంచి బాస్ అని ముందే చెప్పాను.

అక్కడితో మెషిన్లు ఆగాయి. అనుమతుల గొడవ వదిలేస్తాను. రెండు నెలలపాటు బ్రష్షులతో, చెంచాలతో ఒక్కొక్కరినీ తీశాం. సుధాకర్ ఉద్యోగం పోలేదు. బాస్‌తో ఎలా మాట్లాడుకున్నాడో నేను అడగలేదు. రోజూ లోపలికొచ్చి, ఎండ పడకుండా గుడారం సరిచేసి పోయేవాడు. రోజూ నేను బేస్‌మెంట్ తలుపులోంచే ఇంటికి వెళ్ళేదాన్ని. నియమం నియమమే.

అమ్మాయిలకి చెప్పవలసినది ఇక్కడ చెప్పేస్తాను. ఆ తర్వాత ప్రతి పనిలోనూ నా నోటుపుస్తకం మొదటి పేజీలో తెలుగులో ఒక్క ప్రశ్న రాసుకునేదాన్ని: పిల్లలెక్కడ? కొన్నిచోట్ల అదే ప్రశ్న ఇంకోలా రాసుకోవాల్సి వచ్చింది. పనివాళ్ళెక్కడ, బానిసలెక్కడ, డబ్బులేనివాళ్ళెక్కడ. రాయి ఉన్నవాళ్ళు ఎలాగైనా దొరుకుతారు. మన పని మిగిలినవాళ్ళది. కాలేజీలో ఇది నేర్పరు. మీ ఇళ్ళలో ఎవరైనా పెద్దావిడ ఉంటే, ఒకసారి సైటుకి తీసుకెళ్ళండి.

వీధి తలుపు

అక్టోబరులో ఊరి బయట కొత్త సమాధుల చోట వాళ్ళందర్నీ మళ్ళీ పెట్టారు. అత్తగారు వస్తానంది. వద్దనడానికి నాకు నోరు రాలేదు. ఒకే పొడుగాటి గుంతలో చిన్న చిన్న చెక్కపెట్టెలు వరసగా దించారు. పాస్టరు రిజిస్టరు చూసి చదువుతున్నాడు.

"ఏమిటి చదువుతున్నాడు?" అంది అత్తగారు, ఆవిడ చేతనైనంత మెల్లగా.

"పేర్లు."

"అందరికీ ఉన్నాయా?"

"కొందరికి లేవు. పసిబిడ్డ అని మాత్రం రాశారు."

"మావాడికీ లేదు" అంది. "ఇరవయ్యొకటో రోజున పెడదామనుకున్నాం."

అందరూ వంగి పిడికెడు మట్టి వేశారు. ఆవిడా వేసింది. ఒకసారి వేసి ఆగి, మళ్ళీ వంగి ఇంకో పిడికెడు వేసింది. ఆ రెండోది ఎవరికో నాకు తెలుసు. సుధాకర్‌కి తెలియదు, అయినా ఆవిడ మోచెయ్యి పట్టుకుని నిలబెట్టాడు.

ఇంటికొచ్చాక, అలవాటు ప్రకారం నేను పక్క సందులోకి తిరిగాను.

"ఎక్కడికే?" అంది.

"స్నానానికి."

"పసివాళ్ళకి మైలేమిటి, ఇటు రా."

వీధి తలుపు ఆవిడే తీసింది. ముందు తనే లోపలికి వెళ్ళి, సోఫాలో కూర్చుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. గోళ్ళలో మట్టి అలాగే ఉంది. కడుక్కుంటారా అని అడగలేదు. వంటింట్లోకి వెళ్ళి, ఆ రోజు కాఫీ నేను కలిపాను.